వదిన కెమెరా కొన్న చలికాలం

మా వదిన నోట “నాకు కావాలె” అనే మాట నేను మొదటిసారి విన్నది కిందటి చలికాలంలో. అదీ ఒక కెమెరా గురించి.

వదిన అంటే మా ఆయన నరేందర్‌కు అక్క, వాసంతి. నలభై దాటింది. పెళ్లి చేసుకోలేదు. హబ్సిగూడలో ఒక సైన్సు సంస్థలో టెక్నికల్ అసిస్టెంటు. తార్నాకలో మా ఫ్లాటులో అందరం కలిసే ఉండేవాళ్లం. అత్తమ్మ, వదిన, మేమిద్దరం, మూడో తరగతి చదివే మా పాప. నేను ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడతాను. పండక్కి బట్టలు తీద్దామంటే “ముందు మహేశ్వరికి తియ్యి” అని నా పేరు చెప్పేది వదిన. కోడికూర వండితే తనకు మెడ ముక్కంటేనే ఇష్టమనేది. ఆమెకు నిజంగా ఏది ఇష్టమో మాలో ఎవరికీ తెలియదు.

షుగరు అంచు మీద ఉందని డాక్టరు చెప్పడంతో దసరా తర్వాత ఆమె సైకిలు కొనుక్కుంది. పొద్దున్నే తార్నాక వైపు నుంచి యూనివర్సిటీలోకి పోయి, ఆర్ట్స్ కాలేజీ దాకా తొక్కి, పాప బడి బస్సు వచ్చేలోగా తిరిగొచ్చేది. మొదట్లో ఆయాసంతో వచ్చి కుర్చీలో కూలబడేది. పోనుపోను కబుర్లతో రావడం మొదలుపెట్టింది. హాస్టలు గోడ మీద నెమలి ఉందట. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక పిల్లవాడు పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోతున్నాడట. మంచులో రోడ్డు కనబడక, ఎదురుగా వచ్చే సైకిలు బెల్లు మాత్రం వినిపించిందట. ఫోనులో తీసి చూపించేది కానీ నెమలి ఉండాల్సిన చోట ఒక నీలం మరక ఉండేది.

ఒకరోజు పాలపిట్టను తియ్యబోతుంటే ఫోను చెయ్యి జారి స్పీడు బ్రేకరు మీద పడింది. అద్దం పగిలిన ఫోనును టేబుల్ మీద పెట్టి, వదిన తమ్ముడి వైపు చూసింది.

“నరేందర్, నాకో చిన్న కెమెరా కావాలె.”

“కెమెరా ఎందుకక్కా? మంచి ఫోన్ తీస్కో. అందులనే వస్తది కద.”

“ఫోన్ బయటికి తీసినప్పుడల్ల ఎవలో ఒకలు పిలుస్తరు. ఆఫీసోళ్లు, బ్యాంకోళ్లు, నువ్వు. నాకు పిలవనిది కావాలె.”

నరేందర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఇది ఉట్టి మాట కాదని.

ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని ముషీరాబాద్ వెళ్లింది. అక్కడ బాలరాజు అనే ఆయన పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు. క్యాంపస్‌లో సైకిలు తొక్కే సారొకాయన ఆ దుకాణం సంగతి చెప్పాడంది. మేం వెళ్లేసరికి ఆ సారు దుకాణం ముందు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన చొక్కా. పేరు దానియేలు. హబ్సిగూడలోనే ఉంటూ అక్కడ ఒక బడిలో లెక్కలు చెబుతాడట.

బాలరాజు మూడు కెమెరాలు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. ఒకటి దూరంలో ఉన్నదాన్ని బాగా దగ్గరికి లాగుతుంది కానీ ఇటుకంత బరువు. ఒకటి అగ్గిపెట్టెకు అన్నలా పలచగా ఉంది, అన్నీ తెర మీద వేలితో నొక్కడమే. మూడోది ఆ రెంటికీ మధ్యస్తంగా ఉంది. వెండి రంగు ఒక మూల అరిగిపోయింది.

“ఏది మంచిదంటరు సార్?” అంది వదిన దానియేలు సారుతో.

“నేను చెప్పను మేడం. దుకాణంల నిలవడి చూస్తే అన్ని మంచిగనే ఉంటయి. సైకిల్ మీద కూసోని చూడుండ్రి.”

“గీడనా?”

“గీడనే.”

నడిబజారులో, అటూ ఇటూ ఆటోలు పోతుండగా, మా వదిన చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి దానియేలు సారు సైకిలెక్కింది. ఒక కాలు నేలమీద, ఒక చెయ్యి హ్యాండిలు మీద. పక్క దుకాణం వాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. సారు తన ఉన్ని గ్లౌజు తీసి ఆమె కుడిచేతికి తొడుక్కోమన్నాడు. పలచని కెమెరా గ్లౌజు వేళ్లకు పలకనే లేదు. బరువుది ఆన్ చేసేసరికి ఆమె మణికట్టు వంగింది. బాలరాజు రెండు చేతులూ దోసిలి పట్టి ఆమె పక్కనే వంగి నిలబడ్డాడు, పడితే పట్టుకోవడానికి.

“ఇప్పుడు దీన్ని కండ్లు మూసుకొని ఆన్ చెయ్యిండ్రి,” అన్నాడు సారు మూడోది అందించి.

వదిన కళ్లు మూసుకుంది. బొటనవేలు దానంతటదే మీట దగ్గరికి పోయింది. కెమెరా గొట్టం చిన్న చప్పుడుతో ముందుకు వచ్చింది. ఆమె ముఖంలో చిన్నపిల్లల సంబరం కనిపించింది. సరిగ్గా అప్పుడే ఒక బైకు ఆమె కాలిని రాసుకుంటూ దూసుకొచ్చింది.

“వాసంతీ, కాలు తియ్యి!” అని అరిచాడాయన.

ఆమె కాలు తీసింది. బైకు పోయింది. ఆయన వెంటనే “జర చూసుకోండి మేడం” అని సర్దుకున్నాడు. బాలరాజు ఆ మాట పట్టించుకోలేదు. నేను మాత్రం విన్నాను. ఇంటికొచ్చే దారిలో ఆటోలో వదిన నా వైపు చూడకుండా బయటికి చూస్తూ కూర్చుంది.

కెమెరా కొనడం ఒక ఎత్తు, దాన్ని సైకిలు మీద మోయడం ఇంకో ఎత్తు అయింది. మెడలో వేసుకుంటే ప్రతి మలుపులో ఊగి హ్యాండిలుకు కొట్టుకునేది. వీపు సంచిలో పెడితే తీసేలోపు పిట్ట ఎగిరిపోయేది. ముందు బుట్టలో పెడితే గతుకులకు ఎగిరెగిరి పడుతోందని ప్రాణం విలవిలలాడేది. చివరికి నా మిషను దగ్గరికొచ్చి నిలబడింది.

“మహేశ్వరీ, రొమ్ము మీదికి అతుక్కొని ఉండేటట్టు ఏమన్న కుడతవా?”

నరేందర్ పాత జీన్స్ కాలు ఒకటి కత్తిరించాను. పాప లంచ్ బ్యాగులోంచి స్పాంజి తీసి లోపల పెట్టాను. ఒక భుజం మీదుగా అడ్డంగా వచ్చి నడుముకు ఇంకో పట్టీతో బిగిసేలా కుట్టాను. మూతకు జిప్పు పెడితే కెమెరాకు గీతలు పడతాయని వెల్క్రో వేశాను. రెండోరోజే వదిన గుమ్మంలోంచే మొర పెట్టుకుంది.

“చర్రుమని చప్పుడైతుందే! పాలపిట్ట గా చెట్టు మీదికెళ్లి ఈ చెట్టు మీదికి గూడ కాదు, సీదా సికింద్రాబాద్ పోయింది!”

విప్పి జాకెట్లకు వేసే టిచ్ బటన్లు కుట్టాను. ఈసారి సరిపోయింది. దాన్ని తగిలించుకుని అద్దం ముందు తిరిగి చూసుకుంది. “దీన్ల జూస్తే నేను పోస్టుమ్యాన్ లెక్క ఉన్ననా?” అంది. “కండక్టర్ లెక్క ఉన్నవు వదినె” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఇంటికి వచ్చాక ఆమె కోసం నేను కుట్టిన జాకెట్లు ఎన్నో ఉన్నాయి. ఏ జాకెట్టూ వేసుకుని ఆమె అలా తిరిగి చూసుకోలేదు.

ఆదివారాలు ఒక అలవాటు మొదలైంది. టిఫిన్ తిన్నాక వదిన కెమెరా కార్డును టీవీకి తగిలించేది. అందరం చాప మీద కూర్చుని చూసేవాళ్లం. ఇప్పుడు నెమలి నెమలిలాగే ఉండేది. వీధి దీపం కింద చదువుకునే పిల్లలు, చెట్టు కింద నిద్రపోయే కుక్క, మంచు తడికి మెరిసే ఆర్ట్స్ కాలేజీ రాళ్లు. అత్తమ్మకు చూపు తక్కువ కాబట్టి టీవీకి బాగా దగ్గరగా కూర్చునేది. “గీ యూనివర్సిటీ పక్కన ఇన్నేండ్ల సంది ఉంటున్నం, గివన్ని ఏడున్నయే?” అనేది.

జనవరిలో ఒక ఆదివారం, పాప బటన్ నొక్కుతూ పోతుంటే, ఒక ఫోటో వచ్చి తెరనిండా నిలబడింది.

అందులో ఉన్నది వదినే. సైకిలు మీద కూర్చుని, ఒక కాలు నేల మీద ఆనించి, నోరంతా తెరిచి నవ్వుతోంది. కింద నుంచి తీసినట్టున్నారు, ఆమె వెనక అంతా ఆకాశమే. నేను కుట్టిన సంచి మూత తెరుచుకుని ఖాళీగా ఉంది.

“అత్త సెల్ఫీ!” అని పాప చప్పట్లు కొట్టింది.

అత్తమ్మ ముందుకు వంగింది. “రెండు చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నయి కద. గిది ఎవలు తీసిన్రు?”

ఆ ఫోటో తీసేయడం వదినకు ఒక్క నొక్కు పని. తీసేయకుండా ఉంచిందంటే మేం చూడాలనే ఉంచింది.

“దానియేలు సారు తీసిండు,” అంది.

“ఏ సారు?” అన్నాడు నరేందర్.

“లెక్కల సారు. భార్య పోయి ఆరేండ్లయింది. ఒక బిడ్డ ఉన్నది, హనుమకొండల నర్సింగ్ చదువుతున్నది.” తమ్ముడి వైపు తిరిగింది. “మేం పెండ్లి చేసుకుందామనుకుంటున్నం.”

నరేందర్ లేచి టీవీ కట్టేశాడు. పాపను పక్కింట్లోకి ఆడుకోవడానికి పంపాను.

“మేమేం తక్కువ చేసినం అక్కా నీకు?”

“తక్కువ చేసిన్రని నేనన్ననా?”

“మరేంది? ఈ వయసుల, వేరే మతమాయనతోని… ఊరోళ్లు ఏమంటరు? రేపు నువ్వు చర్చికి పోతవా?”

“ఆయన రమ్మనలె. నేను పోతననలె.” వదిన గొంతు పెంచలేదు. “ఆయనతోని ఉంటే నాకు మంచిగ ఉంటది నరేందర్. ఇంతకన్న చెప్పనీకి నాకు రాదు.”

నరేందర్ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అత్తమ్మ ఆగిపోయిన టీవీ ముందు అలాగే కూర్చుని ఉంది.

మర్నాటి నుంచి వదిన సైకిలు తీయలేదు. వద్దని ఎవరూ అనలేదు. నేను అడిగితే, “వానికి చెప్పకుండ ఆయనను కలిసిన దినాలు చాలు మహేశ్వరీ. వాడు మాట్లాడే దాంక పోను. ఆయనకు గూడ అదే చెప్పిన” అంది. ఆఫీసుకు బస్సులో పోయి వచ్చేది. వంట చేసేది, పాపతో ఎక్కాలు చెప్పించేది. నరేందర్ ఆమెతో కూర అందించమనే మాట కూడా నాతో చెప్పించేవాడు. ఆదివారం అందరం ఎవరి గదుల్లో వాళ్లం ఉండిపోయాం. పార్కింగులో సైకిలు మీద దుమ్ము పేరుకుని, ముందు టైరు మెల్లగా నేలకు అతుక్కుపోయింది. నరేందర్ తన బైకు తీసేటప్పుడల్లా దాన్ని జరిపి పెట్టి పోయేవాడు.

నేను ఎవరి వైపు? అది నన్నెవరూ అడగలేదు. ఆమె పోతే పొద్దున పాపను తయారు చేసే చేతులు పోతాయి. జ్వరమొస్తే నా తల పట్టే చేతులు పోతాయి. అవన్నీ తెలిసి కూడా, ఆ ఫోటోలో ముఖాన్ని ఒకసారి చూశాక, ఆమెను ఉండమని అడగడం నాకు చేతకాలేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున, వదిన స్నానానికి వెళ్లగానే అత్తమ్మ నా దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

“ఆ సారు ఇంక గా యూనివర్సిటీలకు వస్తుండా?”

“తెల్వదు అత్తమ్మ. రోజు తొక్కుతడట కద.”

“నన్ను తీస్కపో.”

తలకు మఫ్లరు చుట్టుకుని, శాలువా కప్పుకుని నా స్కూటీ వెనక కూర్చుంది. క్యాంపస్‌లో ఇంకా మంచు విడలేదు. ఆర్ట్స్ కాలేజీ దాటాక రోడ్డు పక్క చిన్న కల్వర్టు గోడ మీద ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన సైకిలు చెట్టుకు ఆనించి ఉంది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. నా వెనక ఉన్నదెవరో నేను చెప్పకుండానే తెలిసినట్టుంది. రెండు చేతులూ జోడించాడు.

“కూసో సారూ,” అంది అత్తమ్మ. ఆయన కూర్చోలేదు. ఆమే గోడ మీద కూర్చుంది.

“మీదేవూరు?”

“జనగామ దిక్కమ్మా. తాతలనాటి సంది అక్కడే. నేను చదువుకొని ఇటొచ్చిన.”

“నీ బిడ్డకు తెలుసా?”

“తెలుసమ్మా. ముందు ఆమెకే చెప్పిన. వీడియో కాల్‌ల వాసంతితోని మాట్లాడింది గూడ.”

“నా బిడ్డె దీపం పెడ్తది రోజు. మీ ఇంట్ల ఏం జేస్తది?”

“ఆమె దీపం ఆమె పెట్టుకుంటదమ్మా. నా ప్రార్థన నేను చేసుకుంట. మారుమని నేను అడగలె. అడగను.”

అప్పుడు అత్తమ్మ ఇంటి నుంచి దాచుకుని తెచ్చిన ప్రశ్న అడిగింది.

“నువ్వు తీసిన ఫోటో చూసిన. నలభై మూడేండ్లల్ల అది గట్ల నవ్వంగ నేను చూడలె. ఏం చెప్పినవ్ దానికి?”

ఆయన ముఖం ఎర్రబడింది. లెక్కలు చెప్పే మనిషి, బల్ల ఎక్కి నిలబడిన పిల్లవాడిలా అయిపోయాడు.

“నేనేం చెప్పలేదమ్మా. సైకిల్ మీదికెళ్లి పడ్డ.”

“పడ్డవా?”

“ఒంటి చేత్తోని తొక్కుకుంట ఎప్పుడు ఫోటో తియ్యొద్దని ఆమెకు నేనే వందసార్లు చెప్పిన. ఆ రోజు ఆమె కెమెరా తీస్కొని, తొక్కుకుంట ఆమె ఫోటో తియ్యబోయిన. సీదా పోయి ఆ మోరీల పడ్డ. పడ్డ కాడి నుంచే చూస్తే ఆమె నవ్వుతున్నది. లేవకముందే తీసిన.”

అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. ఆ ముసలి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకుని ఆయన మోకాలి వైపు చెయ్యి చాపింది.

“దెబ్బ గిట్ల తాకిందా బిడ్డా?”

“లేదమ్మా. జర గీసుకపోయింది.”

అత్తమ్మ శాలువా సర్దుకుని లేచింది. మేం వచ్చేశాం.

ఆ సాయంత్రం నరేందర్ అన్నానికి కూర్చున్నప్పుడు అత్తమ్మ అతని ఎదురుగా చాప వేసుకుంది. వదిన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

“ఆ సారును చూసొచ్చిన,” అంది.

నరేందర్ నా వైపు చూశాడు. నేను పప్పు గిన్నె వైపు చూశాను.

“మంచోడు. రిజిస్ట్రారు ఆఫీసుల పెండ్లి సంతకాలకు నేను పోత. నువ్వు వస్తవో రావో నీ ఇష్టం.”

“మనోళ్లు ఒక్కలన్న ఇంటికొస్తరా అమ్మా తర్వాత?”

“మీ నాయిన పోయినప్పుడు మనోళ్లు ఎంతమంది వచ్చిన్రో మీ అక్కకు తెలుసు. నీకు తెల్వదు, నువ్వు చిన్నోనివి.”

అతను చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిన ముద్ద నోటికి పోలేదు. చివరికి, ఊరివాళ్లనూ మతాన్నీ పక్కన పెట్టి, ఒక మాట బయటికొచ్చింది.

“అక్క లేకుంటే ఈ ఇంట్ల ఎట్లుంటదే అమ్మా?”

అత్తమ్మ అతని తల మీద చెయ్యి వేసింది.

మర్నాడు నేను లేచేసరికి అతను పక్కన లేడు. కింద నుంచి బుస్సు, బుస్సుమని చప్పుడు వస్తోంది. బాల్కనీలోంచి వంగి చూశాను. నరేందర్ లుంగీ మీదే పార్కింగులో నిలబడి, పక్క ఫ్లాటు వాళ్ల పంపు తెచ్చి వదిన సైకిలుకు గాలి కొడుతున్నాడు. సీటు అప్పటికే తుడిచి ఉంది. వదిన చీపురు తీసుకుని మెట్లు దిగుతూ అతన్ని చూసి ఆగిపోయింది.

“పంచరేం లేదు,” అన్నాడు తల ఎత్తకుండా. “ఊకె ఉంచితే గాలి దిగుతది.”

“దిగుతది,” అంది వదిన.

ఇంకో నాలుగు సార్లు కొట్టి, టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

“హబ్సిగూడంటే దూరమేం కాదు కద అక్కా.”

“కాదు రా. ఇంత దూరమే.”

ఆమె మెట్టు మీద కూర్చుంది. అతను రెండో టైరు దగ్గరికి వెళ్లాడు. నేను బాల్కనీలోంచి లోపలికి వచ్చేశాను. వాళ్లిద్దరూ ఇంకేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

మార్చిలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. దానియేలు గారి బిడ్డ హనుమకొండ నుంచి వచ్చి వదిన జడలో తనే మల్లెపూలు పెట్టింది. సాక్షి సంతకం నరేందర్ చేశాడు. చేశాక బావగారి చేతిలో ఒక పొట్లం పెట్టాడు. విప్పి చూస్తే సైకిలు హెల్మెట్. “మీరు పడ్తరంట కద సార్,” అన్నాడు. వదిన నవ్వు రిజిస్ట్రారు గది దాకా వినిపించింది. మా బంధువుల్లో ముగ్గురే వచ్చారు. అత్తమ్మ ఆ ముగ్గురికీ రెండేసి సార్లు మిఠాయి పెట్టింది.

వదిన వెళ్లిపోయిన తర్వాతి సోమవారం. తెల్లారుతుండగా పాలు పొయ్యి మీద పెడుతున్నాను. ముందుగదిలోంచి, ఇంకా కళ్లు తెరవకుండానే, పక్క మీద నుంచి అత్తమ్మ అలవాటు కొద్దీ పిలిచింది.

“వాసంతీ, ఎండలొచ్చినయి. నీళ్ల సీసా పెట్టుకున్నవా?”

నేను గిన్నె కింద మంట తగ్గించాను.

“పెట్టుకున్నది అత్తమ్మ,” అన్నాను.

తర్వాత మంచం కిర్రుమంది. ఆమె గోడ పట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

“పాలు నేను చూస్త. పాపను నేను లేపుత. నువ్వు గూడ ఓ చుట్టు తిరిగి రా పో.”

“ఏడికి అత్తమ్మ?”

“ఏడికైతేంది?”

పొయ్యి దగ్గర నా చోటులోకి ఆమె వచ్చి నిలబడింది. నేను చేతులు కొంగుకు తుడుచుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. గేటు బయట ఇడ్లీ బండి వాడు అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాడు. పేపరు వేసే అతను నా పక్క నుంచి సైకిలు మీద పోయాడు. సంచి లేకుండా, కొనాల్సింది ఏదీ లేకుండా, అంత పొద్దున్నే నేను ఆ వీధిలో నిలబడడం అదే మొదటిసారి.